అమీర్‌పేట కన్సల్టెన్సీ: అప్లికేషన్లకు సరే, సార్ రాసే లెటర్ మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి

మా పాపని ఎంఎస్‌కి అమెరికా పంపడానికి మేము డబ్బు కట్టిన కన్సల్టెన్సీ గురించి రాస్తున్నాను. ఆఫీసు అమీర్‌పేటలో, మెట్రో దిగి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటుంది. పేరు రాయడం లేదు. రికమెండేషన్ లెటర్ల (విద్యార్థి గురించి లెక్చరర్ యూనివర్సిటీకి రాసే సిఫారసు ఉత్తరాలు) విషయంలో నేను తప్పుపట్టబోయే పని ఆ ఒక్క ఆఫీసులోనే జరగడం లేదు. ఆ చుట్టుపక్కల మేము వెళ్లి అడిగిన మిగతా చోట్లా ఇదే మాట చెప్పారు. మాది ఖమ్మం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. పాప హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజనీరింగ్) చేసింది.

ముందు బాగున్నవి చెప్తాను. ప్యాకేజీ 28,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఉచితంగా చేసిపెట్టే కన్సల్టెన్సీలు కూడా ఉన్నాయి. వాళ్లకు యూనివర్సిటీల నుంచి కమిషన్ వస్తుంది కాబట్టి ఆ యూనివర్సిటీల పేర్లే మన ముందు పెడతారు. జాబితా పాప ఇష్టప్రకారం ఉండాలని మేము డబ్బు కట్టేదే ఎంచుకున్నాం. ఆ విషయంలో మాట తప్పలేదు. ఎంబెడెడ్ సిస్టమ్స్ (పరికరాల లోపల పనిచేసే చిన్న కంప్యూటర్ల చదువు) బాగా నేర్పే చోట్లు ఏవో, ఎక్కడ ఎంత ఖర్చవుతుందో కూర్చోబెట్టి చెప్పారు. ఏ యూనివర్సిటీకి ఆఖరు తేదీ డిసెంబరు 15, దేనికి జనవరి 15, దేనికి ఫిబ్రవరి అని ఒక షీటు తయారుచేసి ఇచ్చారు. ఆ షీటు మా ఫ్రిజ్ మీద ఇంకా ఉంది. ట్రాన్‌స్క్రిప్టుల (యూనివర్సిటీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రాలు) కోసం కూకట్‌పల్లిలో జేఎన్టీయూహెచ్‌కి వెళ్లేముందు ఏమేం కాగితాలు పట్టుకెళ్లాలో ముందే చెప్పారు కాబట్టి పాపకి రెండోసారి తిరిగే పని పడలేదు.

ఎస్‌ఓపీ (తను ఏం చేసింది, ఎందుకు చదవాలనుకుంటోంది అని విద్యార్థే యూనివర్సిటీకి రాసే వ్యాసం) చూసిన అమ్మాయిని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. మా పాప చేసిన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఎండు మిర్చిలో తేమ కొలిచే పరికరం. ఖమ్మం మిర్చి యార్డులో తేజ రకం బస్తా ధర తేమను బట్టి మారిపోతుంది. రైతు ఒక మాట అంటాడు, కొనేవాడు ఇంకో మాట అంటాడు. దీన్ని పాప రెండే లైన్లలో రాసి వదిలేసింది. ఆ అమ్మాయి "ఇది కదా రాయాల్సింది, యార్డులో ఏం చూశావో రాయి" అని మళ్లీ రాయించింది. తను ఒక్క వాక్యం కూడా సొంతంగా చేర్చలేదు, ప్రశ్నలు మాత్రమే అడిగింది. డబ్బు తీసుకుని చేసే పని ఇలా ఉండాలి.

రికమెండేషన్ లెటర్ల దగ్గరికి వచ్చేసరికి అదే ఆఫీసు ఇంకోలా మాట్లాడింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. చాలా యూనివర్సిటీలు ఎంఎస్‌కి మూడు లెటర్లు అడుగుతాయి. కొన్ని రెండు అడుగుతాయి, కొన్ని అసలు అడగవు. అప్లికేషన్‌లో మనం లెక్చరర్ పేరు, హోదా, మెయిల్ ఐడీ ఇస్తే యూనివర్సిటీ నుంచి నేరుగా ఆయనకు లింకు వెళ్తుంది. ఆయన అందులోకి వెళ్లి, ఈ విద్యార్థి ఎంతకాలంగా తెలుసు, ఏ హోదాలో తెలుసు అని నింపి, తెలివి, రాసే తీరు, మాట్లాడే తీరు, సొంత ఆలోచన వంటి వాటికి గళ్లలో టిక్కు పెట్టి, లెటర్ అప్‌లోడ్ చేయాలి. గళ్లంటే టాప్ 5 శాతం, టాప్ 10 శాతం, టాప్ 25 శాతం, చెప్పలేను అనే వరస. ఈ పద్ధతిలో విద్యార్థి చేయి ఎక్కడా పడకూడదు. కన్సల్టెన్సీ చేయి అసలే పడకూడదు.

మా కౌన్సెలర్ బాబు చెప్పింది ఏమిటంటే: "ఆంటీ, మీరు టెన్షన్ పడకండి. సార్ల పేర్లు ఇవ్వండి చాలు. ఆ పేర్లతో మెయిల్ ఐడీలు మేమే క్రియేట్ చేస్తాం. లెటర్లు మా దగ్గర రెడీగా ఉన్నాయి. లింకు వచ్చిన రోజే అప్‌లోడ్ అయిపోతుంది."

నేను మళ్లీ అడిగాను. సార్‌కి తెలియకుండానా అని. "అందరికీ ఇలాగే చేస్తున్నాం ఆంటీ, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు. మా ఆయన కూడా ఒక నిమిషం ఆగి, అందరూ చేస్తున్నదే కదా అన్నారు. తిరగలేక, ఎవరినీ బతిమాలలేక అన్నారని నాకు తెలుసు.

రెడీగా ఉన్న ఆ లెటర్లు చూపించమని అడిగితే కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ తెరిచాడు. మొదటిది "ఇట్ గివ్స్ మీ ఇమ్మెన్స్ ప్లెజర్" అని మొదలైంది. రెండోదీ అంతే. మూడోది "ఐ యామ్ ఎక్స్‌ట్రీమ్లీ ప్లీజ్డ్" అని మొదలై, రెండో పేరా నుంచి మొదటిదానిలాగే సాగింది. ఒకదాంట్లో ఎవరిదో అబ్బాయి లెటర్‌ని అమ్మాయికి మార్చినప్పుడు "హిస్" అన్న మాట ఒకచోట అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల ఎవరో, ఎక్కడ చేరిందో నాకు తెలియదు. ఆమెను నాలుగేళ్లు చూసిన మనిషి ఎవరూ ఆ కాగితం మీద లేరు.

నేను టీచర్ని కాబట్టి నాకు ఇది ఇంకాస్త ఎక్కువ గుచ్చుకుంది. మా బడిలో టీసీ రాసేటప్పుడు నడవడిక అని ఒక గడి ఉంటుంది. అందులో అందరికీ "గుడ్" అనే రాస్తాం. పిల్లాడి భవిష్యత్తు ఎందుకు పాడుచేయాలని రాస్తాం, అది తప్పని కూడా నేను అనను. కానీ ఆ గడిని ఎవరూ చదవరు. అందరికీ ఒకే మాట రాస్తే ఆ మాటకు విలువ ఉండదని చదివేవాళ్లకూ తెలుసు. అన్ని గళ్లూ టాప్ 5 శాతంలోనే ఉన్న లెటర్లు ఒకే ఊరి నుంచి, ఒకే నుడికారంతో కట్టలు కట్టలుగా వస్తుంటే అవతల కూర్చుని చదివే ప్రొఫెసర్ ఏమనుకుంటారు? మన పిల్లల్లో నిజంగా కష్టపడ్డవాళ్లను కూడా అదే కళ్లతో చూస్తారు. నా బాధ అదే.

"ఎవరికీ ఏమీ కాలేదు" అన్నది కూడా నిజం కాదు. పెన్సిల్వేనియాలో లీహై యూనివర్సిటీ ఉంది. అక్కడ ఒక భారతీయ విద్యార్థి నకిలీ పత్రాలతో చేరిన సంగతి 2024లో బయటపడింది. మార్కుల పత్రాలు, వ్యాసాలతో పాటు స్కూలు ప్రిన్సిపాల్ పేరుతో మెయిల్ ఐడీ కూడా తనే తయారుచేసుకున్నాడు. అరెస్టయ్యాడు, సీటు పోయింది, దేశానికి తిరిగి రావాల్సి వచ్చింది. ఇదంతా చేరాక, ఒక ఏడాది చదివాక. మన దగ్గర దీన్ని "మెయిల్ ఐడీ క్రియేట్ చేయడం" అని మామూలు పనిలా అంటున్నారు. సంతకం పెట్టింది పాప, అప్లికేషన్ చివర "నేనిచ్చిన వివరాలన్నీ నిజం" అని ఒప్పుకునేది పాప. రేపు ఏదైనా అయితే అమీర్‌పేటలో కౌన్సెలర్‌ని ఎవరూ పిలిచి అడగరు.

లెటర్లు మేము తెచ్చుకుంటాం, మీరు ముట్టుకోవద్దు అని గట్టిగా చెప్పి వచ్చాం. ప్యాకేజీలోంచి ఆ డబ్బు తగ్గించమంటే తగ్గించలేదు. దానికి బదులు ఇంకో యూనివర్సిటీ ఎస్‌ఓపీ చూసిపెడతామన్నారు, చూసిపెట్టారు.

కాలేజీలో కూడా పని నల్లేరు మీద నడకలా సాగలేదు. విభాగాధిపతి సార్ మంచివారే. "నువ్వే రాసుకుని తీసుకురామ్మా, సంతకం పెడతా" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను. ఒక సెక్షన్లో ఇరవై మంది విదేశాలకు వెళ్తున్నారనుకోండి, తలా ఎనిమిది యూనివర్సిటీలకు పెడితే నూట అరవై లింకులు. జీతం పెరగదు, క్లాసులు తగ్గవు, వాల్యుయేషన్ డ్యూటీలు ఆగవు. అయినా లెటర్ తనే రాసుకుని తీసుకెళ్లడానికి పాప ఒప్పుకోలేదు. ఒక పేజీలో వివరాలు మాత్రం రాసి ఇచ్చింది: ఆయన దగ్గర చదివిన సబ్జెక్టులు, మార్కులు, ల్యాబ్‌లో చేసిన పని, ఏ యూనివర్సిటీకి ఎప్పుడు ఆఖరు తేదీ. ఆ పేజీ ముందు పెట్టుకుని ఆయనే రాశారు. రెండో లెటర్ సిగ్నల్స్ సబ్జెక్టు చెప్పిన మేడమ్‌ది. ఆమె ఒక్క సాయంత్రంలో పూర్తిచేశారు.

మూడోది ప్రాజెక్టు గైడ్ సార్‌ది. అసలు లెటర్ అదే. మిర్చి బస్తాలో పైపొరలో తేమ ఒకలా, మధ్యలో ఇంకోలా వస్తుంటే, పాప సెన్సర్ పాడైందనుకుని మార్చేద్దామంది. బస్తా గట్టిగా కుక్కి ఉంటే రీడింగ్ మారుతుందేమో చూడు, అదే బస్తాని వదులుచేసి మళ్లీ కొలువు అని యార్డుకు తిరిగి పంపింది ఆ సారే. ఎండలో ఘాటుకు కళ్లు మండుతున్నా పాప కొలిచి తెచ్చింది. ఆయన అన్నదే నిజమైంది. ఈ సంగతి రాయగల మనిషి ప్రపంచంలో ఆయన ఒక్కరే.

అప్లికేషన్లు సబ్మిట్ చేశాక స్టేటస్ పేజీలో మిగతా ఇద్దరి పేర్ల ఎదుట "రిసీవ్డ్" అని వచ్చింది. ఆయన పేరు ఎదుట మాత్రం "అవెయిటింగ్". అన్ని యూనివర్సిటీల్లోనూ అదే. పాప పొద్దున లేవగానే ఫోన్ చూసేది, పడుకునేముందు చూసేది. సార్‌కి ఫోన్ చేయడానికి మొహమాటం. మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కుంటారేమో, ఆ విసుగు లెటర్లో కనబడుతుందేమో అని భయం. అసలు రాయడం ఇష్టం లేక ఊరుకున్నారేమో, నాలో ఆయనకేం నచ్చలేదో అని ఇంకో ఆలోచన. రాత్రి ఫోన్లో నాతో ఇవే మాటలు. పిల్లలున్న ప్రతి ఇంట్లో ఆ నెలల్లో ఇదే నడుస్తుందని ఇప్పుడు నాకు తెలుసు.

కౌన్సెలర్‌కి చెప్తే మళ్లీ పాత పాటే: "ఇప్పటికైనా మాకివ్వండి ఆంటీ, గంటలో అయిపోతుంది."

చివరికి పాపతో ఫోన్ చేయించాను. సార్ ఒక్క మాటలో తేల్చేశారు. సెమిస్టర్ అయ్యాక ఆయన వేరే కాలేజీకి మారారు. పాత కాలేజీ వాళ్లు ఆయన మెయిల్ మూసేశారు. లింకులన్నీ ఆ మూసేసిన మెయిల్‌కి వెళ్లాయి. "నువ్వు అప్లై చేయలేదేమో అనుకున్నానమ్మా" అన్నారట. ఇన్ని రాత్రుల దిగులుకి కారణం ఒక మెయిల్ ఐడీ.

మేము కాలేజీ మెయిల్ ఇవ్వడానికి కారణం ఉంది. చాలా యూనివర్సిటీలు సంస్థ ఇచ్చిన మెయిల్‌నే కోరతాయి, జీమెయిల్ అయితే అనుమానంగా చూస్తాయి. సార్ కొత్త కాలేజీ మెయిల్ ఇచ్చారు. కొన్ని పోర్టళ్లలో సబ్మిట్ చేశాక కూడా మెయిల్ మార్చే వీలుంది. కొన్నింట్లో లేదు. లేనిచోట పాపే తన సొంత మెయిల్ నుంచి గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్ ఆఫీసుకు రాసింది. పేరు, అప్లికేషన్ నంబరు, సార్ కాలేజీ మారారు, కొత్త అధికారిక మెయిల్ ఇది, లింకు మళ్లీ పంపగలరు. అంతే. వాళ్లు మర్యాదగా జవాబిచ్చి లింకు మళ్లీ పంపారు. ఒకచోట అప్పటికే ఆఖరు తేదీ దాటింది. లెటర్ వచ్చాకే ఫైలు చూస్తాం, కానీ తీసుకుంటాం అన్నారు. ఆఖరు తేదీ మన అప్లికేషన్‌కి. లెటర్‌కి చాలాచోట్ల కొంత గడువు ఇస్తారు. ఈ ఒక్క ముక్క కౌన్సెలర్ చెప్పి ఉంటే మా ఇంట్లో అందరూ నిద్రపోయేవాళ్లం. అతనికి ఇది తెలియక కాదనుకుంటాను. లెటర్లన్నీ తామే పెట్టేసే చోట ఈ సమస్య ఎప్పుడూ రాదు కాబట్టి దానికి పరిష్కారం ఎవరూ నేర్చుకోలేదు.

ఇంతటితో అయిపోలేదు. అప్‌లోడ్ చేశాక సార్ పాపతో, "రాసే తీరు దగ్గర మాత్రం ఒక గడి తక్కువ పెట్టానమ్మా, నీ రిపోర్టు నేను రెండుసార్లు దిద్దాను కదా, మిగతావన్నీ పైనే ఉన్నాయి" అని చెప్పారు. ఆ పిల్ల మొహం మాడిపోయింది. కౌన్సెలర్ అయితే "అయ్యో, అన్నీ టాప్ పెట్టించుకోవాల్సింది" అన్నాడు. నేను మాత్రం ఆ రోజు నిశ్చింతగా ఉన్నాను. ఇరవై ఏళ్లుగా పిల్లల పేపర్లు దిద్దుతున్న మనిషిగా చెప్తున్నాను, ఒకచోట తగ్గించి రాసినవాడు మిగతాచోట్ల పెంచి రాయలేదని చదివేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. ఆ లెటర్లో ఆ ఒక్క గడి మిగతా గళ్లకు సాక్ష్యం.

ఇంకో సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. అప్లికేషన్‌లో "లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నావా" అని ఒక ప్రశ్న వస్తుంది. అమెరికాలో 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ప్రకారం యూనివర్సిటీలో చేరిన విద్యార్థికి తన ఫైలు చూసుకునే హక్కు ఉంది. వదులుకుంటే సార్ ఏం రాశారో తర్వాత కూడా చూడలేవు. వదులుకోకపోతే చేరాక చూడొచ్చు. సీటు రానిచోట ఆ హక్కు ఎలాగూ వర్తించదు. కన్సల్టెన్సీ వాళ్లు వదులుకోమని చెప్పారు, ఆ సలహా సరైనదే. పిల్ల చదువుతుందని తెలిస్తే ఏ సారైనా మనసులో మాట పూర్తిగా రాయరు. కాకపోతే లెటర్ తామే రాసే ఆఫీసు ఆ సలహా ఇవ్వడం నాకు నచ్చలేదు. పాప వదులుకుంది. సార్ లెటర్‌లో మిర్చి యార్డు సంగతి ఉందో లేదో మాకు తెలియదు, అడగలేదు కూడా.

రెండుచోట్ల సీటు వచ్చింది. ఒకచోట రాలేదు, మిగతావాటి జవాబు కోసం చూస్తున్నాం. ఇప్పుడు వీసా పనులు అదే కన్సల్టెన్సీతో నడుస్తున్నాయి. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపడంలో జాగ్రత్తగా ఉన్నారు. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు విడిగా మనమే కట్టాలని మొదటిరోజే చెప్పారు. మాక్ ఇంటర్వ్యూలో పాప తడబడిన చోట్లు రాసిపెట్టి మళ్లీ చేయిస్తున్నారు. ఈ పనులకు ఐదుకు నాలుగు ఇస్తాను. ఎస్‌ఓపీకి ఐదుకు ఐదు. లెటర్ల సంగతికి సున్నా. ఆ సున్నా మిగతా మార్కులతో కలిసి సగటులో మరుగున పడిపోకూడదనే ఇంత వివరంగా రాశాను.

మీరు డబ్బు కట్టేముందు కౌన్సెలర్‌ని ఒకే ప్రశ్న అడగండి: మా లెక్చరర్ అధికారిక మెయిల్‌కే లింకు వెళ్తుందా, మీరెవరైనా ఆ మెయిల్ తెరుస్తారా? తెరుస్తామంటే ఆ భాగం తీసేసి రసీదులో అలా రాయించుకోండి. లెక్చరర్‌ని అక్టోబరులోనే అడగండి. డిసెంబరు, జనవరిలో అదే కాలేజీలో ఉంటారా, ఏ మెయిల్ రోజూ చూస్తారు అన్నది సిగ్గుపడకుండా కనుక్కోండి. నాలుగో మనిషిని కూడా ముందే అడిగి ఉంచుకోండి. "అవెయిటింగ్" అని కనబడితే వారం ఆగి సార్‌కి ఫోన్ చేయించండి, మెసేజ్ కాదు. లింకు స్పామ్‌లో పడి ఉండొచ్చు, మెయిల్‌బాక్స్ నిండిపోయి ఉండొచ్చు. పాపకి మరదలు వరస అయ్యే మా తమ్ముడి కూతురు వచ్చే ఏడాది అప్లై చేస్తోంది. తనని కూడా ఇదే ఆఫీసుకు పంపుతున్నాను, ఎస్‌ఓపీకి, వీసాకి. లెటర్ల కోసం తను ఇప్పటినుంచే తన మేడమ్‌లతో మాట్లాడుతోంది.